వాల్వు బాగుంది... ఊపిరి మాటేమిటి?

ఇంజిన్‌ పరీక్షల్లో థామస్‌ మిడ్జ్‌లీ అంత ఓపికమంతుడు అరుదు. ఆయన ఏం కొలిచాడు, ఏం కొలవకుండా వదిలేశాడు? టెస్టింగ్‌, క్వాలిటీ ఉద్యోగాల వైపు చూస్తున్న ప్రతి ఒక్కరూ తెలుసుకోవాల్సిన జీవితం ఇది.

టెస్ట్‌ బెంచ్‌ మీద ఇంజిన్‌ 512 గంటలు తిరిగి ఆగింది. 16 గంటల చొప్పున 32 విడతలు. భారతీయ ప్రమాణం ఐఎస్‌ 10000 తొమ్మిదో భాగం ప్రకారం మన దగ్గర చిన్న డీజిల్‌ ఇంజిన్లకు పెట్టే ఎండ్యూరెన్స్‌ టెస్ట్‌ ఇలాగే ఉంటుంది. నిమిషానికి 1500 చుట్లు తిరిగే ఇంజిన్‌ అనుకుంటే, ఈ లోపు ఒక్కో వాల్వు దాదాపు 2 కోట్ల 30 లక్షల సార్లు తెరుచుకుని మూసుకుంది. ఇప్పుడు హెడ్‌ విప్పి మీ ముందు పెట్టారు. చేతిలో మైక్రోమీటర్‌, పక్కన రిపోర్టు ఫారం. మొదట ఏం చూస్తారు?

మెకానికల్‌, ఆటోమొబైల్‌ చదివి పటాన్‌చెరు, పాశమైలారం, సంగారెడ్డి వైపు బయోడేటా పట్టుకుని తిరుగుతున్నవాళ్లకు ఇది ఊహాగానం కాదు. ముంబయి హైవే వెంట, దాని చుట్టుపక్కల రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్‌ ఉంది. ఎద్దుమైలారంలో సైన్యానికి వాహనాలు చేసే ఆర్డినెన్స్‌ ఫ్యాక్టరీ ఉంది. జహీరాబాద్‌లో ట్రాక్టర్లు తయారవుతున్నాయి. ఇవి కాక చిన్నాపెద్దా యూనిట్లు ఎన్నో. వీటిలో చాలాచోట్ల కొత్తగా చేరినవాళ్లకు మొదట అప్పగించేది కొలతల పనే. కొలిచి, రాసి, సంతకం పెట్టాలి.

ఆ సంతకానికి ఎంత బరువు ఉంటుందో తెలియాలంటే వందేళ్ల కిందట అమెరికాలో ఇంజిన్లతో కుస్తీ పట్టిన ఒక మెకానికల్‌ ఇంజినీర్‌ జీవితం చదవాలి. ఆయన పేరు థామస్‌ మిడ్జ్‌లీ. ఆయన కథలోకి వెళ్లేముందు బల్ల మీదున్న హెడ్‌ సంగతి చూద్దాం. ఎందుకంటే ఆయన కథంతా ఆ వాల్వు చుట్టూనే తిరుగుతుంది.

అంకె బాగుంటే సరిపోదు

అనుభవం ఉన్నవాళ్లు హెడ్‌ విప్పగానే గుడ్డతో తుడవరు. వాల్వు మీద పేరుకున్న మసి రంగు, మందం, అది ఏ పక్క ఎక్కువగా ఉందో ముందు ఫొటో తీస్తారు. ఏ వాల్వు ఏ సిలిండర్‌దో గుర్తు పెడతారు. ఒక్కసారి తుడిచేశాక ఆ సాక్ష్యం మళ్లీ దొరకదు.

తర్వాత కొలతలు. వాల్వు కాడను పైన, మధ్యలో, కింద రెండేసి దిశల్లో మైక్రోమీటర్‌తో కొలుస్తారు. ఆ కాడ కదిలే గైడ్‌ లోపలి వ్యాసం చూస్తారు. వాల్వు ముఖం వంకర తిరిగిందేమో డయల్‌ గేజ్‌తో పట్టుకుంటారు. ప్రష్యన్‌ బ్లూ రంగు పూసి, వాల్వు సీటు మీద చుట్టూ సమంగా ఆనుతోందా లేదా చూస్తారు. హెడ్‌ అంచు నుంచి వాల్వు ఎంత లోతుకు దిగిందో రాస్తారు. ఇవన్నీ టెస్టుకు ముందు తీసిన కొలతలతో పోల్చాలి. ముందు కొలత లేకపోతే ఎంత అరిగిందో చెప్పే దారే లేదు.

ఇక్కడో చిక్కుంది. సీటు అరిగి వాల్వు లోపలికి దిగితే ట్యాపెట్‌ గ్యాప్‌ తగ్గుతుంది. అదే వాల్వు కొన, రాకర్‌ అరిగితే గ్యాప్‌ పెరుగుతుంది. రెండూ సమానంగా అరిగాయనుకోండి, గ్యాప్‌ మారదు! లాగ్‌బుక్‌లో అంకె మొదటి రోజు ఎలా ఉందో చివరి రోజూ అలాగే ఉంటుంది. అది చూసి పాస్‌ అని రాసేస్తే లోపల రెండు భాగాలు పోయిన సంగతి ఎవరికీ తెలియదు. ఒక్క అంకెను నమ్ముకోకూడదని, ఏది కొలవలేదో కూడా తెలిసుండాలని టెస్టింగ్‌లో పాతవాళ్లు పట్టుబట్టేది అందుకే.

మిడ్జ్‌లీ జీవితం ఈ చిక్కుకు పెద్ద ఉదాహరణ.

కెమిస్ట్రీ డిగ్రీ లేని కెమిస్ట్‌

మిడ్జ్‌లీ 1889 మే 18న పెన్సిల్వేనియా రాష్ట్రంలోని బీవర్‌ ఫాల్స్‌లో పుట్టాడు. పెరిగింది ఒహాయోలోని కొలంబస్‌లో. ఇంట్లోనే యంత్రాల వాతావరణం. తండ్రి టైర్ల మీద ప్రయోగాలు చేసేవాడు, తల్లి తరఫు తాత రంపాలకు కొత్త రకం పళ్లు కనిపెట్టినవాడు. 1911లో కార్నెల్‌ యూనివర్సిటీ నుంచి మెకానికల్‌ ఇంజినీరింగ్‌ పట్టా తీసుకుని డేటన్‌ పట్టణంలో క్యాష్‌ రిజిస్టర్ల కంపెనీలో చేరాడు. తర్వాత తండ్రితో కలిసి టైర్ల వ్యాపారం చేశాడు. అది నిలబడలేదు. 1916లో మళ్లీ డేటన్‌కే వచ్చి చార్లెస్‌ కెటరింగ్‌ ల్యాబ్‌లో ఉద్యోగంలో చేరాడు. కారును బటన్‌తో స్టార్ట్‌ చేసే ఏర్పాటు తెచ్చినవాడు ఈ కెటరింగే. కొన్నేళ్లకు ఆ ల్యాబ్‌ జనరల్‌ మోటార్స్‌ చేతికి వెళ్లింది.

కెటరింగ్‌ ఆయనకు అప్పగించిన సమస్య నాకింగ్‌. ఇంజిన్‌కు బరువు పడగానే లోపల సుత్తితో కొట్టినట్టు టకటకా మోగడం మీరు వినే ఉంటారు. అప్పట్లో మైలేజీ పెంచాలంటే కంప్రెషన్‌ పెంచాలి. కంప్రెషన్‌ పెంచితే నాకింగ్‌. నాకింగ్‌ ముదిరితే పిస్టన్లు, వాల్వులు పాడు. కొత్త ఇగ్నిషన్‌ వ్యవస్థే దీనికి కారణమని జనం కెటరింగ్‌ను తిట్టుకుంటున్న రోజులవి.

మిడ్జ్‌లీ సిలిండర్‌ లోపలి ఒత్తిడిని గీసి చూపే పరికరం పెట్టి చూశాడు. స్పార్క్‌ పడకముందే ఇంధనం మండిపోవడం వల్ల నాకింగ్‌ వస్తుందని చాలామంది అనుకునేవారు. కానీ స్పార్క్‌ తర్వాతే ఒత్తిడి ఒక్కసారిగా ఎగబాకుతున్నట్టు గీతలో తేలింది. అంటే తప్పు స్పార్క్‌ది కాదు, ఇంధనానిది. ఇంధనంలో ఏదైనా కలిపితే ఆగుతుందేమో!

ఇంధనానికి ఎర్రరంగు ఉంటే వేడిని త్వరగా పీల్చుకుని బాగా ఆవిరవుతుందన్నది ఇద్దరి ఊహ. ఎర్ర రంగు పొడి ఆ క్షణానికి అందుబాటులో లేక మిడ్జ్‌లీ అయోడిన్‌ కలిపాడు. నాకింగ్‌ తగ్గింది! మరొకరైతే ఊహ నిజమైందని సంబరపడి అక్కడే ఆగిపోయేవారు. ఆయన ఆగలేదు. వేరే ఎర్ర రంగులు తెప్పించి ఒక్కొక్కటే కలిపి చూశాడు. ఏదీ పనిచేయలేదు. రంగుకూ నాకింగ్‌కూ సంబంధం లేదని, అయోడిన్‌ రసాయన గుణమే పనిచేసిందని తేల్చుకున్నాడు. తన ఊహను తానే పరీక్ష పెట్టి కొట్టేసుకోవడం చిన్న విషయం కాదు. ల్యాబ్‌లో పనిచేయాలనుకునేవాళ్లు ఇక్కడిదాకా ఆయన్ను గురువుగా పెట్టుకోవచ్చు.

సీసం దొరికింది

అయోడిన్‌ ఖరీదు ఎక్కువ, పైగా లోహాన్ని తినేస్తుంది. తర్వాత అనిలిన్‌ దగ్గర్నుంచి వందల పదార్థాలు ప్రయత్నించారు. టెల్లూరియం బాగా పనిచేసింది కానీ దాని వెల్లుల్లి లాంటి దుర్వాసన ఒంటికి పట్టిందంటే ఎన్ని స్నానాలు చేసినా వదిలేది కాదు. చివరికి మూలకాల ఆవర్తన పట్టికను గోడకు పెట్టుకుని, ఏ వరుసలో ఎటు వెళ్తే ఫలితం మెరుగవుతోందో గుర్తులు పెట్టుకుంటూ నడిచారు. అది సీసం దగ్గరికి తీసుకెళ్లింది. 1921 డిసెంబరు 9న ఒంటి సిలిండర్‌ ఇంజిన్‌లో టెట్రాఇథైల్‌ లెడ్‌ అనే ద్రవం కలిపిన ఇంధనం పోశారు. మోత టక్కున ఆగిపోయింది. వెయ్యి పాళ్ల పెట్రోల్‌లో ఒక పాలుకన్నా తక్కువ కలిపినా చాలు.

1923 ఫిబ్రవరిలో డేటన్‌లోని ఒక బంకులో మొదటిసారి అమ్మారు. దానికి ఇథైల్‌ అని పేరు పెట్టారు. పేరులో సీసం మాట లేదు. అదే ఏడాది ఇండియానాపొలిస్‌ 500 రేసులో మొదటి మూడు స్థానాల్లో నిలిచిన కార్లు ఈ ఇంధనంతోనే పరిగెత్తాయి. ఇంతకు మించిన ప్రచారం ఏముంటుంది?

సీసం తప్ప మరో దారే లేదా? ఉంది. ఆల్కహాల్‌ కలిపిన పెట్రోల్‌ కూడా నాకింగ్‌ను ఆపుతుందని మిడ్జ్‌లీకి బాగా తెలుసు. అలాంటి మిశ్రమాలతో కార్లు నడిపి చూపించాడు కూడా. అయితే ఆల్కహాల్‌ ఎక్కువ పాళ్లలో కలపాలి, ఎవరైనా తయారుచేసుకోవచ్చు. సీసం చుక్కలు చాలు, పేటెంట్‌ చేతిలో ఉంటుంది. కంపెనీ లెక్క ఎటు మొగ్గిందో మీరే ఊహించగలరు. వందేళ్ల తర్వాత ఇవాళ మన బంకుల్లో 20 శాతం ఇథనాల్‌ కలిపిన పెట్రోల్‌ పోయించుకుంటున్నాం. దాన్ని తట్టుకునేలా వాల్వులు, సీట్లు, రబ్బరు పైపులు ఉన్నాయా లేదా పరీక్షించే పని ఇప్పుడు మీ తరానిది.

వాల్వు మీద తెల్లటి పొర

అమ్మకాలు మొదలయ్యాక కొత్త సమస్య. ఈ ఇంధనంతో తిరిగిన ఇంజిన్లు విప్పితే స్పార్క్‌ ప్లగ్గుల మీద, ఎగ్జాస్ట్‌ వాల్వుల మీద సీసపు సమ్మేళనాలు పేరుకుంటున్నాయి. సీటుకూ వాల్వుకూ మధ్య పొర గట్టిపడితే వాల్వు పూర్తిగా మూసుకోదు. ఆ సందులోంచి మండుతున్న వాయువు దూసుకొస్తుంది. ఎగ్జాస్ట్‌ వాల్వు అసలే 700 డిగ్రీలు దాటిన వేడిలో బతుకుతుంది. మూసుకుని సీటును తాకినప్పుడే దాని వేడి హెడ్‌లోకి పారుతుంది. ఆ తాకిడి లేకపోతే అంచు కాలి చిట్లిపోతుంది.

మిడ్జ్‌లీ బృందం దీనికీ విరుగుడు కనిపెట్టింది. ఇంధనంలో ఇథిలీన్‌ డైబ్రోమైడ్‌ అనే మరో రసాయనం కలిపారు. మంటలో సీసం దానితో కలిసి, ఆ వేడికి ఆవిరయ్యే సమ్మేళనంగా మారి, పొగగొట్టంలోంచి బయటికి పోతుంది. దీనికి కావాల్సిన బ్రోమిన్‌ కోసం సముద్రపు నీటిని వడగట్టేదాకా వెళ్లారు. ఇంజిన్లు మళ్లీ విప్పి చూశారు. వాల్వులు బాగున్నాయి. పాస్‌!

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆ విరుగుడు చేసిన పనేమిటి? సీసాన్ని మాయం చేయలేదు. ఇంజిన్‌లో మిగలకుండా వీధిలోకి తోసింది. హెడ్‌ విప్పి చూసేవాడికి సమస్య తీరిపోయింది. పొగగొట్టం వెనక నిలబడినవాడికి అప్పుడే మొదలైంది. రిపోర్టు ఫారంలో వాల్వుకు గడి ఉంది, ప్లగ్గుకు గడి ఉంది. ఊపిరికి గడి లేదు.

తన ఒంట్లోనే దొరికిన ఫలితం

సీసం విషమని ఎవరికీ తెలియదా అంటే, అది రోమన్ల కాలం నాటి కబురు. టెట్రాఇథైల్‌ లెడ్‌ చర్మంలోంచి కూడా ఇంకుతుంది. 1923 మొదట్లో మిడ్జ్‌లీ స్వయంగా సీసం విషానికి గురై, పని ఆపేసి ఫ్లోరిడా వెళ్లి కొన్ని వారాలు విశ్రాంతి తీసుకోవాల్సి వచ్చింది. అంటే పరీక్ష ఫలితం ఆయన ఒంట్లోనే ఉంది. ఇంజిన్‌ విషయంలో చిన్న గీతను కూడా వదలని మనిషి ఈ ఒక్క రీడింగ్‌ను పక్కన పెట్టేశాడు. బాగయ్యాక తిరిగొచ్చి పని కొనసాగించాడు.

తర్వాత డేటన్‌ ప్లాంటులో ఇద్దరు కార్మికులు చనిపోయారు. 1924 అక్టోబరులో న్యూజెర్సీ రాష్ట్రం బేవేలోని స్టాండర్డ్‌ ఆయిల్‌ ప్లాంటులో పరిస్థితి ఇంకా ఘోరం. ఆ ద్రవం తయారుచేసే చోట పనిచేసేవాళ్లు భ్రమలకు లోనై, పిచ్చెత్తినట్టు ప్రవర్తిస్తూ ఆస్పత్రి పాలయ్యారు. ఐదుగురు చనిపోయారు. పత్రికలు గగ్గోలు పెట్టాయి. కొన్ని నగరాలు అమ్మకాలు ఆపేశాయి.

1924 అక్టోబరు 30న కంపెనీ తరఫున విలేకరుల ముందుకు వచ్చింది మిడ్జ్‌లీయే. ఆ ద్రవాన్ని చేతుల మీద పోసుకున్నాడు. సీసా ముక్కు దగ్గర పెట్టుకుని ఒక నిమిషం పాటు పీల్చాడు. రోజూ ఇలా చేసినా తనకేమీ కాదన్నట్టు మాట్లాడాడు. ఏడాదిన్నర కిందట ఇదే విషంతో మంచం పట్టిన మనిషి!

టెస్టింగ్‌ చదువుకున్నవాళ్లు ఆ ప్రదర్శనను మరోరకంగా చూడాలి. ఒక నిమిషం పరీక్షతో ఏం రుజువవుతుంది? కొత్త వాల్వు ఒక నిమిషం తిరిగితే ఎప్పుడూ బాగానే ఉంటుంది. అరుగుదల గంటల మీద, వేల గంటల మీద తెలిసే సంగతి. అందుకే కదా 512 గంటలు తిప్పేది. మనిషి శరీరంలో సీసం కూడా అంతే. కొంచెం కొంచెంగా చేరి, ఎముకల్లో పేరుకుని, ఏళ్ల తర్వాత బయటపడుతుంది. పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఎండ్యూరెన్స్‌ టెస్ట్‌ విలువ అందరికన్నా బాగా తెలిసిన ఇంజినీరే, మనుషుల విషయంలో ఒక నిమిషం చాలన్నట్టు నిలబడ్డాడు.

1925 మేలో అమెరికా ప్రభుత్వ వైద్యాధికారి వాషింగ్టన్‌లో సమావేశం పెట్టారు. పారిశ్రామిక వ్యాధుల మీద అప్పటికే పేరున్న డాక్టర్‌ ఆలిస్‌ హామిల్టన్‌, యేల్‌ ప్రొఫెసర్‌ యాండెల్‌ హెండర్సన్‌ లాంటివాళ్లు ప్రమాదాన్ని గట్టిగా హెచ్చరించారు. అమ్మకాలు తాత్కాలికంగా ఆగాయి. కమిటీ కొన్ని నెలలు పరిశీలించి, 1926 జనవరిలో నిషేధించడానికి తగిన కారణాలు కనిపించలేదని తేల్చింది. ఎక్కువకాలం పీలిస్తే ఏమవుతుందో చెప్పలేమని, పరిశోధన కొనసాగాలని కూడా అందులోనే రాసింది. మొదటి వాక్యం చదివి అమ్మకాలు మళ్లీ మొదలుపెట్టారు. రెండో వాక్యం ఫైల్లో ఉండిపోయింది. తర్వాతి దశాబ్దాల్లో ఆ పరిశోధన చాలావరకు పరిశ్రమ సొమ్ముతోనే సాగింది.

ఫ్రిజ్‌ నుంచి తాళ్ల దాకా

మిడ్జ్‌లీ తర్వాత ఫ్రిజ్‌ల మీద పడ్డాడు. అప్పటి ఫ్రిజ్‌ల్లో వాడే అమ్మోనియా, సల్ఫర్‌ డయాక్సైడ్‌ లాంటి వాయువులు లీకైతే ప్రాణాపాయం. 1928లో ఆయన బృందం విషం కాని, మండని వాయువు తయారుచేసింది. అదే ఫ్రియాన్‌. 1930లో శాస్త్రవేత్తల సభలో దాన్ని పీల్చి, కొవ్వొత్తి మీదికి ఊది ఆర్పి చూపించాడు. దశాబ్దాల తర్వాత అదే కుటుంబానికి చెందిన వాయువులు ఓజోన్‌ పొరను తినేస్తున్నాయని 1974లో రోలండ్‌, మొలీనా హెచ్చరించారు. 1987లో మాంట్రియల్‌ ఒప్పందంతో వాటికి కళ్లెం పడింది.

ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. ఓజోన్‌ సంగతి 1930లో ఎవరికీ తెలియదు. సీసం సంగతి మాత్రం ఆ రోజునే చెప్పినవాళ్లున్నారు, చనిపోయినవాళ్లున్నారు. తెలియక జరిగినదానికీ, తెలిసీ గడి ఖాళీగా వదిలేసినదానికీ తేడా ఉంది.

1940లో, 51 ఏళ్ల వయసులో మిడ్జ్‌లీకి పోలియో సోకి కాళ్లు చచ్చుబడ్డాయి. ఇంజినీర్‌ కదా, మంచం మీంచి తనంతట తాను లేవడానికి తాళ్లు, కప్పీలతో ఒక ఏర్పాటు చేసుకున్నాడు. ఆ ఏళ్లలోనే పెద్ద పురస్కారాలు వచ్చాయి, అమెరికన్‌ కెమికల్‌ సొసైటీ అధ్యక్ష పదవీ దక్కింది. 1944 నవంబరు 2న ఆ తాళ్లలోనే చిక్కుకుని చనిపోయాడు. వయసు 55. అప్పటికి ఆయన్ను అందరూ మహా ఆవిష్కర్తగానే చూస్తున్నారు.

సీసం తీసేస్తే వాల్వు ఏడ్చింది

భూమి వయసు లెక్కగట్టిన శాస్త్రవేత్త క్లెయిర్‌ ప్యాటర్సన్‌కు తన ల్యాబ్‌లో ఎక్కడ చూసినా సీసమే తగిలి కొలతలు పాడయ్యేవి. అది ఎక్కడి నుంచి వస్తోందో వెతుక్కుంటూ వెళ్లి, మనుషుల చుట్టూ సీసం ఎంత పెరిగిందో 1965లో బయటపెట్టాడు. ఈలోగా పొగను శుభ్రం చేసే కెటలిటిక్‌ కన్వర్టర్లు వచ్చాయి. సీసం వాటిని కూడా పాడుచేస్తుంది. దాంతో 1975 మోడల్‌ కార్ల నుంచి అమెరికాలో సీసం లేని పెట్రోల్‌ తప్పనిసరి అవుతూ వచ్చింది.

అప్పుడు మన వాల్వు మళ్లీ కథలోకి వచ్చింది. ఇన్నాళ్లూ సీసపు పలచటి పొర వాల్వుకూ సీటుకూ మధ్య మెత్తలా పనిచేస్తోంది. పొర పోయేసరికి ఎర్రగా కాలిన రెండు లోహాలు నేరుగా తాకుతున్నాయి. తాకిన చోట సూక్ష్మంగా అతుక్కుంటాయి, విడిపోయేటప్పుడు సీటు లోంచి రవ్వలు ఊడొస్తాయి. ఆ రవ్వలు వాల్వు ముఖానికి అంటుకుని ఆకురాయిలా సీటును అరగదీస్తాయి. వాల్వు లోపలికి కుంగుతుంది, గ్యాప్‌ తగ్గుతుంది, చివరికి వాల్వు మూసుకోదు. ఇంజినీర్లు దీన్ని వాల్వు సీట్‌ రిసెషన్‌ అంటారు.

1980ల మధ్యలో అమెరికా పర్యావరణ, వ్యవసాయ శాఖలు కలిసి పొలం పనుల ఇంజిన్లను సీసం లేని పెట్రోల్‌తో ఎక్కువ గంటలు తిప్పి, విప్పి కొలిచాయి. మెత్తటి సీట్లు ఉండి, ఎక్కువ వేగంతో బరువు లాగినవాటిలో సీట్లు కుంగాయి. మందు కూడా దొరికింది. సీటును వేడిచేసి గట్టిపరచడం, గట్టి మిశ్రమలోహపు రింగులు బిగించడం, వాల్వు ముఖానికి కోబాల్ట్‌ మిశ్రమం పూయడం. ఇవాళ సీఎన్‌జీ ఇంజిన్లకు గట్టి సీట్లు వేయడం వెనక ఉన్నదీ ఇదే లెక్క. ఆ పొడి ఇంధనం సీటుకు ఎలాంటి మెత్తనూ ఇవ్వదు.

అంటే ఇంజిన్‌ సమస్యను లోహంతో పరిష్కరించే దారి ఉంది. సీసాన్ని ఊరి మీదికి వదలకుండానే వాల్వును కాపాడుకోవచ్చు. మన దేశంలో 2000 ఫిబ్రవరి 1 నుంచి సీసం కలిపిన పెట్రోల్‌ అమ్మకం ఆగింది. అంటే ఇది చదువుతున్న మీలో చాలామంది ఆ తర్వాత పుట్టినవాళ్లే. ప్రపంచంలో చివరిగా అల్జీరియా 2021లో ఆపింది. డేటన్‌ బంకు నుంచి లెక్కేస్తే 98 ఏళ్లు. మనుషుల మీద జరిగిన అతి పొడవైన ఎండ్యూరెన్స్‌ టెస్ట్‌ అనొచ్చు.

మన నక్కవాగు సంగతి

ఇదంతా ఎక్కడో అమెరికా గొడవ అనుకోవద్దు. పటాన్‌చెరు చుట్టుపక్కల ఊళ్లలో నక్కవాగు పేరు చెప్పి చూడండి. లోపల బ్యాచ్‌కు బ్యాచ్‌ క్వాలిటీ పరీక్షలో పాసవుతుంటే, గేటు బయట వాగు రంగు మారి మంజీరలో కలిసింది. రైతులు పొలాలు పోగొట్టుకున్నారు. వ్యవహారం 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్రంగా కలుషితమైన ప్రాంతాల జాబితాలో పటాన్‌చెరు-బొల్లారం పేరు చేర్చింది. లోపల సరుకుకు గడి ఉంది, బయట వాగుకు లేదు. మిడ్జ్‌లీ కథే, మన భాషలో.

మీరు రేపు చేరబోయే ఉద్యోగంలో మీది చిన్న కుర్చీయే కావచ్చు. కంపెనీ నిర్ణయాలు మీ చేతిలో ఉండవు. కానీ కొలతల కాగితం మీ చేతిలో ఉంటుంది. ఉద్యోగం దొరకడమే గగనంగా ఉన్న రోజుల్లో, ప్రొబేషన్‌లో ఉండగా, పైవాళ్లు తొందరపెడుతుంటే నిజం రాయడం తేలిక కాదు. అందుకే ముందే కొన్ని అలవాట్లు చేసుకోండి.

టెస్టుకు ముందు కొలత లేని భాగానికి అరుగుదల అంకె వేయకండి. కొలవలేదనే రాయండి. తుడవకముందు ఫొటో తీయండి. గ్యాప్‌ మారలేదంటే సంబరపడకుండా సీటు, వాల్వు కొన రెండూ విడివిడిగా చూడండి. ఒక సమస్య తీరిందని ఎవరైనా చెబితే, అది పోయిందా, లేక వేరే చోటికి వెళ్లిందా అని ఒక్కసారి అడగండి. మీకో, మీ పక్క మిషన్‌ మీద పనిచేసే అన్నకో తలనొప్పి, వికారం లాంటివి మొదలైతే అది సొంత గొడవగా సర్దుకోకండి. అదీ ఒక రీడింగే. తేదీ వేసి రాయండి, సేఫ్టీ అధికారికి చెప్పండి.

ఇంటర్వ్యూలో వాల్వు అరుగుదల ఎలా చూస్తారని అడిగితే పరికరాల పేర్లు చెప్పి ఊరుకోకండి. ఈ పరీక్షతో ఏం తెలుస్తుంది, ఏం తెలియదు అన్నది కూడా చెప్పండి. 512 గంటలు ఒకే రకం ఇంధనంతో, శుభ్రమైన గాలితో తిరిగిన వాల్వు, దుమ్ములో దుక్కి దున్నే ట్రాక్టర్‌లో ఎలా ఉంటుందో ఆ రిపోర్టు చెప్పదు. ఆ మాట పైకి చెప్పగలిగిన కుర్రాణ్ని, అమ్మాయిని మంచి టెస్టింగ్‌ మేనేజర్‌ వదులుకోడు.

రిపోర్టు ఫారంలో చివరన రిమార్కులని చిన్న ఖాళీ ఉంటుంది. చాలామంది అక్కడ అడ్డగీత గీసి వదిలేస్తారు. మీరు మాత్రం ఏమేం పరీక్షించలేదో రెండు వరుసల్లో రాసి, ఆ తర్వాతే సంతకం పెట్టండి.